లేయర్లు కలిపేయకుండానే జేపెగ్ వస్తుంది

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కంప్యూటర్ శీర్షికలో ఈమధ్య ఒక పాఠకురాలి ప్రశ్న వచ్చింది. ఫోటోషాప్‌లో గృహప్రవేశం పత్రిక తయారుచేశానని, సేవ్ యాజ్ నొక్కితే వచ్చే జాబితాలో జేపెగ్ కనిపించడం లేదని, ఏం చేయాలో చెప్పమని ఆవిడ అడిగారు. లేయర్ మెనూలోకి వెళ్లి ఫ్లాటెన్ ఇమేజ్ (ఫైల్లోని లేయర్లన్నీ, అంటే విడివిడి పొరలన్నీ, ఒకటిగా కలిపేసే ఆజ్ఞ) నొక్కండి, అప్పుడు జేపెగ్ వస్తుంది అని జవాబిచ్చారు. వస్తుంది, అబద్ధం కాదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నా ఎలుకలు పోతాయి. ఆ జవాబు ప్రకారం ఫ్లాటెన్ చేసి, అలవాటుగా కంట్రోల్+ఎస్ కొట్టి ఫైలు మూసేసినవాళ్లకి, రేపు ముహూర్తం టైము మార్చాల్సి వచ్చినప్పుడు గానీ ఏం పోయిందో తెలియదు. శీర్షికలో సవరణ వేయాలని మనవి. విషయం రెండు వాక్యాల్లో తేలేది కాదు కనుక ఉత్తరం కాస్త పెద్దదైంది.

ముందు జేపెగ్ ఎక్కడికి పోయిందో చూద్దాం. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు సేవ్ యాజ్ జాబితాలో ఫోటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ, జేపెగ్, పీఎన్‌జీ అన్నీ ఒకేచోట ఉండేవి. లేయర్లున్న ఫైలుకి జేపెగ్ ఎంచుకుంటే సాఫ్ట్‌వేరే ఒక కాపీ తీసి, దాన్ని చదును చేసి, అంటే ఫ్లాటెన్ చేసి ఇచ్చేది. తెర మీద ఉన్న అసలు ఫైలు అలాగే ఉండేది. 2021 మేలో వచ్చిన 22.4 వెర్షన్‌లో అడోబీ ఈ పద్ధతి మార్చేసింది. లేయర్లను దాచుకోగలిగే రకాలే, అంటే పీఎస్‌డీ, పీఎస్‌బీ, టిఫ్, పీడీఎఫ్ లాంటివే సేవ్ యాజ్‌లో మిగిలాయి. లేయర్లు పట్టని జేపెగ్, పీఎన్‌జీలు సేవ్ ఎ కాపీ అనే వేరే ఆజ్ఞ కిందికి వెళ్లాయి. మ్యాక్ కంప్యూటర్లలో వచ్చిన మార్పుల వల్లే ఇలా చేయాల్సి వచ్చిందని కంపెనీ చెప్పింది. విండోస్ వాడేవాళ్లకీ అదే మార్పు అంటగట్టారు. గొడవ పెరిగాక 22.4.2 అప్‌డేట్‌లో పాత పద్ధతికి వెళ్లే దారి కూడా పెట్టారు.

కాబట్టి ఆ పాఠకురాలు చేయాల్సింది ఇంతే. ఫైల్ మెనూలో సేవ్ ఎ కాపీ నొక్కాలి, లేదా కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి కొట్టాలి. జాబితాలో జేపెగ్ ఉంటుంది. దాన్ని ఎంచుకోగానే కింద లేయర్స్ అనే గడిలో టిక్కు తనంతట తనే పోతుంది, పక్కన చిన్న హెచ్చరిక గుర్తు వస్తుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. కాపీలో లేయర్లు ఉండవని మాత్రమే దాని అర్థం. సేవ్ అయ్యాక కూడా తెర మీద పీఎస్‌డీయే ఉంటుంది, లేయర్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

పాత పద్ధతే కావాలనుకుంటే ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్‌లోకి వెళ్లి ఎనేబుల్ లెగసీ సేవ్ యాజ్ గడిలో టిక్కు పెట్టుకోవచ్చు. దాని దగ్గరే ఫైలు పేరు చివర కాపీ అనే మాట తగిలించవద్దనే గడి కూడా ఉంది. చాలామందికి ఆ మాట చిరాకు కనుక వెంటనే టిక్కు పెట్టేస్తారు. పెట్టండి. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. టిఫ్ ఫైలు తెరిచి పని చేస్తూ, అదే ఫోల్డర్లో అదే పేరుతో లేయర్లు లేని టిఫ్ కాపీ తీయబోతే, అసలు ఫైలు మీదే రాసేయాలా అని అడుగుతుంది. తొందరలో అవునంటే డిస్కు మీదున్న లేయర్ల ఫైలు పోయినట్టే. జేపెగ్‌కి ఈ భయం లేదు, ఎక్స్‌టెన్షన్ వేరు కాబట్టి.

ఇంత చేసినా జేపెగ్ కనిపించకపోతే కారణం లేయర్లు కాదు. ఇమేజ్, మోడ్‌లో చూడండి. చానెల్‌కి 32 బిట్లు ఉన్నా, బిట్‌మ్యాప్ మోడ్‌లో ఉన్నా జేపెగ్ రాదు. సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు రంగుల మోడ్) ఉంటే పీఎన్‌జీ రాదు, ఆ ఫార్మాట్‌లో సీఎంవైకే అనేదే లేదు.

ఇక ఫ్లాటెన్ సంగతి. అది నొక్కినప్పుడు నాలుగు పనులు ఒక్కసారే జరుగుతాయి. కనిపిస్తున్న లేయర్లన్నీ ఒకే బ్యాక్‌గ్రౌండ్‌గా కలిసిపోతాయి. కన్ను గుర్తు తీసి దాచిపెట్టిన లేయర్లు చెరిగిపోతాయి. ఖాళీగా, గళ్లగళ్లగా కనిపించే చోటంతా తెలుపుతో నిండుతుంది. అక్షరాలు అక్షరాలుగా ఉండటం మానేసి బొమ్మలో చుక్కలైపోతాయి. వీటిలో రెండోది శుభలేఖల వాళ్లని ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఒకే పీఎస్‌డీలో తెలుగు మ్యాటర్ ఒక గ్రూపు, ఇంగ్లిష్ మ్యాటర్ ఇంకో గ్రూపు పెట్టుకుని, కావలసినప్పుడు ఒకటి దాచి రెండోది చూపించడం మామూలే. ఫ్లాటెన్ నొక్కగానే దాచిన లేయర్లు తీసేయాలా అని అడుగుతుంది. దాన్ని చదవకుండా ఓకే కొడితే ఇంగ్లిష్ పత్రిక మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే.

మ్యాటర్ చుక్కలైపోవడం తెలుగులో మరీ ఇబ్బంది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లదే రాజ్యం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. పీఎస్‌డీ ఉంటే, అదే ఫాంటున్న కంప్యూటర్లో తెరిచి తారీఖు మార్చుకోవచ్చు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచి మ్యాటర్‌ని కదిలిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. అందుకని పీఎస్‌డీ ఒక్కటే దాచుకున్నా చాలదు, కస్టమర్ ఓకే చేసిన రోజు ఎలా ఉందో చూపే జేపెగ్ కూడా పక్కన ఉండాలి. చదును ఫైలు విలువ అక్కడే ఉంది: ఏ కంప్యూటర్లో తెరిచినా ఫాంటుతో పనిలేకుండా ఒకేలా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగుతో చేసేవాళ్లకి ఇంకో చిక్కు. వరల్డ్ రెడీ లేఅవుట్ అనే అక్షరాల అమరిక ఎంచుకోకపోతే ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతాయి. పాత వెర్షన్లలోనైతే దానికంటే ముందు ప్రిఫరెన్సెస్, టైప్‌లో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, కొత్త డాక్యుమెంటు తెరవాలి. విడిపోయిన ఒత్తుతోనే ఫ్లాటెన్ చేసేస్తే ఇక దాన్ని అతికించే దారి లేదు.

ఫ్లాటెన్ ఎప్పుడూ చేయకూడదని కాదు. అసలు ఫైలు మీద చేయకూడదు, అంతే. ఇమేజ్ మెనూలో డూప్లికేట్ ఉంది. అది నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో డూప్లికేట్ మెర్జ్డ్ లేయర్స్ ఓన్లీ అనే గడిలో టిక్కు పెట్టండి. లేయర్లన్నీ కలిసిన కాపీ పేరులేని కొత్త ఫైలుగా తెరుచుకుంటుంది. సైజు తగ్గించడం, షార్ప్ చేయడం, రంగుల మోడ్ మార్చడం అన్నీ దాని మీద చేసి, సేవ్ చేసి మూసేయండి.

ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు ఇంకో చోట జారుతుంటారు. అన్ని లేయర్ల పైన వాటి మిశ్రమాన్ని ఒక కొత్త లేయరుగా వేసుకోవడానికి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ‘ఈ’ (E) కీలు నాలుగూ కలిపి కొడతారు. అందులో ఆల్ట్ మీద వేలు సరిగా పడకపోతే అది కంట్రోల్, షిఫ్ట్, ఈ అవుతుంది, అంటే మెర్జ్ విజిబుల్. కనిపించే లేయర్లన్నీ ఒకటైపోతాయి. తెర మీద బొమ్మలో ఏ తేడా ఉండదు కనుక గమనించరు. పని అయ్యాక లేయర్స్ ప్యానెల్ వైపు ఒకసారి చూసే అలవాటు చేసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఫ్లాటెన్ చేయగానే రంగు మారిందనే ఫిర్యాదు కూడా తరచుగా వింటుంటాం. చాలాసార్లు మారేది రంగు కాదు, మనం చూస్తున్న సైజు. 33 శాతమో 50 శాతమో జూమ్‌లో పెట్టి చూసినప్పుడు ఫోటోషాప్ వేగం కోసం చిన్న సైజు బొమ్మ మీదే అడ్జస్ట్‌మెంట్ లేయర్ల (రంగు, వెలుగు సర్దే లేయర్ల) లెక్క వేసి చూపిస్తుంది. ఫ్లాటెన్ చేసినప్పుడు అసలు చుక్కల మీద వేస్తుంది. గ్రెయిన్ ఉన్న ఫోటోల్లో, షార్ప్ చేసిన జుట్టు దగ్గర ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంట్రోల్+1 కొట్టి 100 శాతంలో చూసి నిర్ణయించుకుంటే ఈ బాధ ఉండదు.

అసలు స్టూడియోల వాళ్లు ఫ్లాటెన్‌కి ఎందుకు అలవాటుపడ్డారంటే డిస్కు నిండిపోతుందని. ఆ బాధ నిజమైనదే. 12×36 అంగుళాల కరిజ్మా (పెళ్లి ఆల్బమ్) షీటు 300 రిజల్యూషన్‌లో, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, అంటే 3600×10800 పిక్సెళ్లు. 8 బిట్ ఆర్‌జీబీలో లేయర్లు లేకుండా 111 ఎంబీ చిల్లర. ఫోటోషాప్ కిటికీ అడుగున డాక్ అని రెండు అంకెలు కనిపిస్తాయి కదా, ఎడమది చదును చేస్తే ఎంత, కుడిది లేయర్లతో ఎంత. కుడివైపు అంకె సులువుగా 700 దాటుతుంది. డిస్కు మీద షీటుకి 700 ఎంబీ అనుకున్నా 40 షీట్ల ఆల్బమ్‌కి 28 జీబీ కావాలి. పెళ్లిళ్ల సీజన్‌లో పది ఆల్బమ్‌లు చేస్తే లెక్క మీరే వేసుకోండి.

దీనికి ఫ్లాటెన్ కన్నా మంచి దారులున్నాయి. స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టిన ప్రతి ఫోటో, షీటులో అరచేతి అంత కనిపించినా, పూర్తి సైజులో ఫైలు లోపల కూర్చుని ఉంటుంది. పొజిషన్ ఖాయమైన ఫోటోల్ని మాత్రం రాస్టరైజ్ చేస్తే, అంటే మామూలు చుక్కల లేయర్లుగా మారిస్తే, బరువు బాగా తగ్గుతుంది. లేదా ప్లేస్ లింక్డ్ వాడి ఫోటోల్ని ఫైలు బయటే ఉంచవచ్చు, కాకపోతే ఆ ఫోల్డర్‌ని పేరు మార్చకుండా, జరపకుండా షీట్లతోపాటే దాచాలి. షీటు హద్దులు దాటి బయటికి పోయిన ఫోటో భాగాలు కూడా ఫైల్లోనే ఉంటాయి. సెలెక్ట్ ఆల్ చేసి, ఇమేజ్ మెనూలో క్రాప్ నొక్కితే అవి తెగిపోతాయి. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చి, కస్టమర్ పేజీలన్నీ తిప్పి చూసి, లెక్క చెల్లించేదాకా పీఎస్‌డీలు ఉంచండి. ఆ తర్వాత తీసేయాలనుకుంటే అది మీ ఇష్టం.

పీఎస్‌డీకి రెండు హద్దులున్నాయి: ఫైలు 2 జీబీ దాటకూడదు, ఏ వైపూ 30,000 పిక్సెళ్లు దాటకూడదు. దాటితే పీఎస్‌బీలో సేవ్ చేయాలి. ఫ్లెక్స్‌లు చేసేవాళ్లలో కొందరు 10×8 అడుగుల బ్యానర్‌ని 300 రిజల్యూషన్‌లో తెరిచి, పీఎస్‌డీ ఎందుకు రావడం లేదని అడుగుతుంటారు. 10 అడుగులంటే 120 అంగుళాలు, 300తో గుణిస్తే 36,000 పిక్సెళ్లు, హద్దు దాటిపోయింది. రోడ్డు మీద పది గజాల దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కి 300 అక్కర్లేదు. 72తో చేస్తే 8640×6912 పిక్సెళ్లు వస్తాయి, సీఎంవైకేలో చదును ఫైలు 228 ఎంబీ దగ్గర ఉంటుంది, కంప్యూటరూ ఊపిరి పీల్చుకుంటుంది. దగ్గర నుంచి చదివే స్టాండీలకి 100 నుంచి 150 పెట్టుకుంటే సరిపోతుంది.

ఫ్లెక్స్ ప్రెస్సుకి టిఫ్ ఇవ్వడం మంచి అలవాటు. కానీ టిఫ్ కూడా లేయర్లు దాచుకుంటుందని చాలామందికి తెలియదు. సేవ్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో అడుగున లేయర్ కంప్రెషన్ దగ్గర డిస్కార్డ్ లేయర్స్ అండ్ సేవ్ ఎ కాపీ అని మూడో ఎంపిక ఉంటుంది. అది ఎంచుకుని, పైన ఇమేజ్ కంప్రెషన్‌లో ఎల్‌జెడ్‌డబ్ల్యూ పెట్టండి. ఎల్‌జెడ్‌డబ్ల్యూ వల్ల బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఆ ఎంపిక మరిచిపోతే 200 ఎంబీ కావాల్సిన ఫైలు జీబీ దాటి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కడానికే పావుగంట పడుతుంది. ప్రింటింగ్ మిషన్‌కి లేయర్లతో ఏ పనీ లేదు.

సీఎంవైకేకి మార్చే చోట మళ్లీ ఫ్లాటెన్ తొంగి చూస్తుంది. లేయర్లున్న ఫైల్లో ఇమేజ్, మోడ్, సీఎంవైకే నొక్కితే ఫ్లాటెన్ చేయనా అని అడుగుతుంది. వద్దంటే మల్టిప్లై, స్క్రీన్ లాంటి బ్లెండింగ్ లేయర్లు కొత్త రంగుల లెక్కలో వేరేగా కనిపిస్తాయి, అవునంటే లేయర్లు పోతాయి. అందుకని ఈ పని ఎప్పుడైనా డూప్లికేట్ మీదే.

అదే సీఎంవైకే ఫైలుని జేపెగ్ చేసి వాట్సాప్‌లో పంపితే కొన్ని ఫోన్లలో రంగులు అసహ్యంగా కనిపిస్తాయి. ఫోన్లకి, వెబ్‌సైట్లకి, ఫోటో ల్యాబులకి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం కావాలి. డూప్లికేట్ మీద ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్ ఎంచుకుని ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి. దాని పైనే ఉండే అసైన్ ప్రొఫైల్ జోలికి పోవద్దు. అది ఫైల్లోని రంగుల అంకెల్ని మార్చకుండా ప్రొఫైల్ పేరు మాత్రం మారుస్తుంది, దాంతో రంగులు చెడతాయి. సేవ్ పెట్టెలో ఐసీసీ ప్రొఫైల్ (ఫైలు ఏ రంగుల ప్రమాణంలో ఉందో చెప్పేది) టిక్కు ఉంచండి.

జేపెగ్ క్వాలిటీ అంకె మీద మన దగ్గర అపోహలు ఎక్కువ. ఫోటోషాప్‌లో అది 0 నుంచి 12 వరకు ఉంటుంది. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లాంటి వాటిలో 0 నుంచి 100. ఫోటోషాప్ 10కీ గింప్ 10కీ సంబంధం లేదు. ఫోటోషాప్‌లో 6, అంతకన్నా తక్కువ పెడితే జేపెగ్ రంగుల సమాచారాన్ని నిలువుగా సగం, అడ్డంగా సగం చేసేస్తుంది. వెలుగునీడలు ప్రతి చుక్కకీ ఉంటాయి గానీ రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే ఉంటుంది. మామూలు ఫోటోల్లో కంటికి తెలియదు. తెలుగు బ్యానర్లలో తెలుస్తుంది. పసుపు నేల మీద ఎరుపు అక్షరాలు వేసిన బ్యానర్ తీసుకోండి. ‘శ్రీ’ కింద క్రారవడి, ‘స్వాగతం’లో వ ఒత్తు సన్నటి గీతలు. వాటి అంచుల్లో ఎరుపు పసుపులోకి కారి, నారింజ రంగు మసక కడుతుంది. అక్షరం చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు కూడా వస్తాయి. అది 8×8 చుక్కల గళ్లుగా బొమ్మని కోసి కుదించడం వల్ల వచ్చేది. 7 నుంచి పైకి రంగు తగ్గించడం ఉండదు. మ్యాటర్ ఉన్న దేనికైనా 10 పెట్టండి. 12 పెడితే ఫైలు బాగా ఉబ్బుతుంది గానీ 10కీ దానికీ తేడా కంటితో పట్టుకోవడం కష్టం. గింప్‌లో ఇదే ఎంపిక అడ్వాన్స్‌డ్ కింద సబ్‌శాంప్లింగ్ పేరుతో ఉంటుంది, అక్కడ 4:4:4 ఎంచుకోవాలి. ల్యాబుకి పంపేటప్పుడు బేస్‌లైన్ స్టాండర్డ్ ఉంచండి. ప్రోగ్రెసివ్ జేపెగ్‌ని కొన్ని పాత మిషన్లు తెరవవు.

జేపెగ్‌ని తెరిచి మూస్తే అరగదు, కాపీ చేసినా అరగదు. మార్చి మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసిన ప్రతిసారీ అరుగుతుంది. లేయర్ల ఫైలు దాచుకోమనడానికి ఇదొక పెద్ద కారణం: కరెక్షన్ వచ్చినప్పుడల్లా పీఎస్‌డీ నుంచి తీసే జేపెగ్ మొదటి తరం జేపెగ్ అవుతుంది, ఐదో తరం కాదు.

వెనక ఖాళీ ఉండాల్సిన లోగోలకి, సంతకాలకి, కటింగ్ చేసిన ఫోటోలకి జేపెగ్ పనికిరాదు. అందులో పారదర్శకతకి చోటే లేదు, వెనక తెల్ల డబ్బా వచ్చి కూర్చుంటుంది. పీఎన్‌జీ తీయాలి, తీసే ముందు బ్యాక్‌గ్రౌండ్ లేయరు కన్ను గుర్తు తీసేయాలి. అది మరిచిపోయి, పీఎన్‌జీ తీసినా తెల్ల డబ్బా పోలేదనేవాళ్లు చాలామంది. జుట్టు చుట్టూ సన్నటి తెల్ల అంచు మిగిలితే లేయర్ మెనూలో మ్యాటింగ్, డీఫ్రింజ్‌లో 1 పిక్సెల్ ఇచ్చి చూడండి. పీఎన్‌జీ సేవ్ చేసేటప్పుడు ఫైలు సైజు గురించి అడిగే మూడు ఎంపికల్లో దేనిలోనూ నాణ్యత తగ్గదు, ఫైలు సైజు, సేవ్ అవడానికి పట్టే సమయమే మారతాయి.

సేవ్ ఎ కాపీ కాకుండా ఎక్స్‌పోర్ట్ యాజ్ అనేది కూడా ఉంది. వెబ్‌కి అది బాగుంటుంది, ఎస్‌ఆర్‌జీబీకి మార్చే గడి అందులోనే ఉంది. కానీ ల్యాబుకి పంపే షీట్లని దాంతో తీయవద్దు. ఆ దారిలో వెళ్తే 300 అనే రిజల్యూషన్ సమాచారం ఫైల్లో మిగలదు. పిక్సెళ్లు అన్నీ ఉంటాయి, కానీ తిరిగి తెరిస్తే 12×36 షీటు 72 లెక్కన 50×150 అంగుళాలుగా కనిపించి, ల్యాబు నుంచి ఫోన్ వస్తుంది.

ఫోటోషాప్ కొనలేనివాళ్లకి గింప్ ఉచితం. అక్కడ ఈ గొడవ 2012లోనే, 2.8 వెర్షన్‌తో మొదలై సద్దుమణిగింది. సేవ్ అంటే దాని సొంత ఎక్స్‌సీఎఫ్ మాత్రమే, మిగతావన్నీ ఎక్స్‌పోర్ట్ కింద, షార్ట్‌కట్ కంట్రోల్, షిఫ్ట్, ఈ. జేపెగ్ తీశాక కూడా మూసేటప్పుడు సేవ్ చేయలేదని గింప్ అడుగుతుంది. అది విసిగించడం కాదు, లేయర్ల ఫైలు ఇంకా దాచుకోలేదని గుర్తుచేయడం. ఇందులో మన ఫోటోషాప్ తీసుకున్న దారికన్నా స్పష్టత ఎక్కువనే చెప్పాలి. ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్‌తో పుట్టినరోజు పోస్టర్లు, పార్టీ పోస్టర్లు చేసే కుర్రాళ్లకీ ఇదే సూత్రం. సేవ్ యాజ్ ఇమేజ్‌తో వచ్చేది చదును బొమ్మ, సేవ్ యాజ్ ప్రాజెక్ట్‌తో ఉండేది మళ్లీ పేరు మార్చుకోగలిగే ఫైలు. రెండూ చేయాలి. ఆ ప్రాజెక్ట్ ఫైలు (పీఎల్‌పీ) ఇంకొకరికి పంపితే ఫాంటు కూడా పంపాలి.

తీసిన జేపెగ్‌ని వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఇంత జాగ్రత్తా వృథా. అది పిక్సెళ్లు తగ్గించి మళ్లీ కుదిస్తుంది, హెచ్‌డీ అని పెట్టినా కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ప్రెస్సుకి పంపే శుభలేఖ అయితే ఫోటోషాప్ పీడీఎఫ్ ఇంకా మేలు. లేయర్లున్న పీఎస్‌డీ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే అక్షరాలు చుక్కలుగా కాక గీతలుగానే వెళ్తాయి, ఎంత పెద్దది చేసినా అంచు పగలదు. ఫ్లాటెన్ చేసి తీసిన పీడీఎఫ్‌కి ఈ గుణం ఉండదు. పైకి రెండూ పీడీఎఫ్‌లే, 800 శాతం జూమ్ చేస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

ఉద్యోగ దరఖాస్తుల ఫోటోల గురించి ఒక మాట. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దరఖాస్తుకి ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య జేపెగ్ అడుగుతారు. నెట్ సెంటర్లలో పీఎన్‌జీ ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి ఎక్కించడం చూస్తుంటాం. పేరు మారితే లోపలి సరుకు మారదు, సైటు తిప్పికొడుతుంది. ఫైల్, ఎక్స్‌పోర్ట్‌లో సేవ్ ఫర్ వెబ్ తెరిచి, జేపెగ్ ఎంచుకుని, మెటాడేటా దగ్గర నన్ పెట్టి, మూలనున్న మెనూలో ఆప్టిమైజ్ టు ఫైల్ సైజ్‌లో 45 కేబీ అని ఇస్తే క్వాలిటీ అదే సర్దుకుంటుంది. మామూలు సేవ్‌తో అదే ఫోటో 50 కేబీ దాటడానికి తరచుగా కారణం బొమ్మ కాదు, దాంతోపాటు ఎక్కే బుల్లి ప్రివ్యూ, ఎడిటింగ్ సమాచారం.

మీ శీర్షికలోని జవాబు ప్రకారం ఇప్పటికే చేసేసినవాళ్లు ఉండి ఉంటారు. ఫైలు ఇంకా తెరిచే ఉంటే, మధ్యలో సేవ్ కొట్టినా సరే, ఏమీ పోలేదు. విండో మెనూలో హిస్టరీ తెరిచి, ఫ్లాటెన్ ఇమేజ్ అనే వరసకి పైనున్న మెట్టు నొక్కండి. మామూలుగా చివరి 50 మెట్లు ఉంటాయి. ఫ్లాటెన్ అంతకన్నా వెనకపడిపోతే, అన్నిటికన్నా పైన బుల్లి బొమ్మతో ఉన్న స్నాప్‌షాట్ నొక్కితే ఫైలు తెరిచినప్పటి స్థితి వస్తుంది. వెంటనే వేరే పేరుతో పీఎస్‌డీగా సేవ్ చేయండి. ఫైలు మూసేసి ఉంటే హిస్టరీ పోయినట్టే. అప్పుడు ఆ ఫోల్డర్ గూగుల్ డ్రైవ్‌తో సింక్ అవుతోందేమో చూడండి. అవుతుంటే బ్రౌజర్‌లో డ్రైవ్ తెరిచి, ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ వెర్షన్స్‌లోకి వెళ్తే ఫ్లాటెన్‌కి ముందున్న పీఎస్‌డీ దొరకవచ్చు. పాత వెర్షన్లని డ్రైవ్ మామూలుగా 30 రోజులే ఉంచుతుంది కనుక, సవరణ వేసేదేదో ఈ నెలలోనే వేయండి.

ఇట్లు
డీటీపీ, ఆల్బమ్ డిజైనింగ్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ